తాతగారి బొమ్మ బండి: చేతులకు మేలు, రంగుతోనే మెలకువ



అరవై దాటిన మనిషికి బొమ్మలతో పనేమిటన్న మాట మన ఇళ్ళలో తరచు వినబడుతూ ఉంటుంది. మెదక్ జిల్లా రేగోడ్‌లో ఇటీవల ఒక పరిచయస్థుల ఇంట ఈ మాట నా తీర్పుకే వచ్చింది. ఆ ఇంటి పెద్దాయన ఉద్యోగ విరమణ చేసినవారు. ఒక పికప్ ట్రక్కు నమూనాను తెప్పించుకొని, దానిని అమెరికా వారి 'హాట్ రాడ్' పద్ధతిలో తీర్చిదిద్దే పనిలో నిమగ్నులై ఉన్నారు. కుమారునికి అది వృథా కాలక్షేపంగా తోచింది. కోడలి ఆందోళన వేరు: ఇల్లంతా థిన్నర్ వాసన, అదే గదిలో నేల మీద పాకే పసిబిడ్డ. "డాక్టరుగారూ, మామయ్యగారిని ఈ పని మాన్పించమంటారా?" అని ఆమె అడిగారు.

మాన్పించవద్దు, రంగు మార్పించండి అన్నది నా సమాధానం. పని మంచిది, దానికి వాడే పదార్థాలలో కొన్ని మంచివి కావు. ఈ రెండింటినీ వేరు చేసి చూడకపోవడం వల్ల కొన్ని ఇళ్ళలో మంచి అలవాటు ఆగిపోతున్నది, మరికొన్ని ఇళ్ళలో హాని నిశ్శబ్దంగా సాగిపోతున్నది. అందుకే ఈ విషయాన్ని కొంత వివరంగా వ్రాస్తున్నాను.

హాట్ రాడ్ అంటే ఏమిటి?

1930ల ప్రాంతంలో దక్షిణ కాలిఫోర్నియా యువకులు పాత ఫోర్డు కార్లను చవకగా కొని, అనవసరమైన రేకు భాగాలన్నీ ఊడదీసి, ఇంజనుకు బలం పెంచి, ఎండిపోయిన సరస్సుల మైదానాలలో పరుగెత్తించేవారు. 1932లో ఫోర్డు సంస్థ సామాన్యునికి అందే ధరలో వి-8 ఇంజను కారును విడుదల చేయడం ఈ ఆసక్తికి ఊపిరి పోసింది. రెండవ ప్రపంచ యుద్ధానంతరం సైన్యం నుండి తిరిగి వచ్చిన యువకులు దీనిని మరింత విస్తరింపజేశారు. 1948 జనవరిలో దీనికోసమే 'హాట్ రాడ్' అనే పత్రిక కూడా వెలువడింది. పైకప్పును కోసి ఎత్తు తగ్గించడం, ముందు భాగం నేలకు వంగినట్లు దించడం, వెనుక పెద్ద చక్రాలు, ముందు చిన్న చక్రాలు బిగించడం, ఇంజనును బయటికి కనబడనివ్వడం, ఇరుపక్కలా ఎరుపు, నారింజ, పసుపు జ్వాలలు చిత్రించడం దీని లక్షణాలు.

అసలు బండితో చేసిన ఈ పనిని అనతికాలంలోనే బొమ్మలతోనూ చేయసాగారు. 1968లో మాట్టెల్ సంస్థ 'హాట్ వీల్స్' పేరిట తొలిసారి విడుదల చేసిన 16 చిన్న కార్లలో 'కస్టమ్ ఫ్లీట్‌సైడ్' అనే పికప్ కూడా ఉన్నది. అవి సుమారు 1:64 కొలత బొమ్మలు. ఏడెనిమిది సెంటీమీటర్ల పొడవు మాత్రమే. ఓపికగా భాగాలు అతికించి తయారుచేసుకొనే ప్లాస్టిక్ నమూనాలు సాధారణంగా 1:24, 1:25 కొలతలలో లభిస్తాయి. ఈ కొలతలో పికప్ జానెడు పొడవుంటుంది.

ఇది మనకు పూర్తిగా పరాయి విద్య అని నేను అనుకోను. తిని పారేసిన తాటి ముంజకాయలకు పుల్ల గుచ్చి బండి చేసి, పంగల కర్రతో తోసుకుంటూ పరుగెత్తిన తరం మాది. హైదరాబాద్ బహదూర్‌పురాలోని సుధా కార్ మ్యూజియంలో బూటు, కెమెరా, క్రికెట్ బంతి ఆకారాలలో నిజంగా నడిచే కార్లున్నాయి. వాటిని నిర్మించిన సుధాకర్ రూపొందించిన 41 అడుగుల 7 అంగుళాల ఎత్తు మూడు చక్రాల సైకిల్ 2005లో గిన్నిస్ రికార్డు పొందింది. బండిని తనకు నచ్చిన రూపంలోకి మార్చుకోవాలనే కోరిక మన నేలలోనూ ఉన్నది.

చేతికీ మెదడుకూ ఉన్న బంధం

కెనడాలోని మాంట్రియల్‌కు చెందిన శస్త్రవైద్యుడు వైల్డర్ పెన్‌ఫీల్డ్, 1937లో తన సహచరునితో కలిసి, మెదడు ఉపరితలంపై ఏ భాగం ఏ అవయవాన్ని నడిపిస్తుందో వివరించే పరిశీలనలు ప్రచురించారు. శరీర పరిమాణంలో చేయి చిన్నదే అయినా, మెదడులో దానికి దక్కిన స్థలం చాలా పెద్దది. వేళ్ళతో చేసే సూక్ష్మమైన పని మెదడుకు కూడా పనే.

అసలు ట్రక్కు పైకప్పును 4 అంగుళాలు తగ్గించడమంటే, 1:24 నమూనాలో దాదాపు 4 మిల్లీమీటర్లు తగ్గించడం. నాలుగు స్తంభాలనూ సమానంగా కోయాలి. ఒకటి అర మిల్లీమీటరు తప్పినా కప్పు వంకరగా కూర్చుంటుంది. దీనికి చూపు, వేళ్ళ పట్టు, ముందుచూపు, ఓపిక అన్నీ ఒకేసారి కావాలి. రోజంతా టీవీ ముందు కూర్చొని వార్తల చర్చలు వినడంతో దీనిని పోల్చలేము.

అరవై అయిదేళ్ళు, అంతకు పైబడిన 93 వేల మందికి పైగా వ్యక్తుల వివరాలను 16 దేశాల నుండి సేకరించి విశ్లేషించిన ఒక అధ్యయనం 2023లో 'నేచర్ మెడిసిన్' పత్రికలో వెలువడింది. ఏదో ఒక అభిరుచి ఉన్నవారిలో కుంగుబాటు లక్షణాలు తక్కువగా, జీవితం పట్ల తృప్తి ఎక్కువగా కనబడ్డాయి. ఇటువంటి అధ్యయనాలు సంబంధాన్ని చూపుతాయే తప్ప కారణాన్ని సంపూర్ణంగా నిరూపించవు. ఆరోగ్యంగా ఉన్నవారే అభిరుచులు కొనసాగించగలుగుతారన్నది కూడా నిజమే. అయినా, ఉద్యోగ విరమణ తరువాత తెల్లవారితే చేయవలసిన పని ఒకటి ఉండడం ఎంతటి ఔషధమో వైద్యులకు అనుభవం మీద తెలుసు.

మరొక ప్రయోజనం కూడా ఉన్నది. ఈ పనిబల్ల కొన్ని వ్యాధులను ముందుగా పట్టి ఇస్తుంది. నిన్నటి వరకు పట్టుకోగలిగిన చిన్న మర నేడు జారిపోతుంటే, చేయి విశ్రాంతిగా ఉన్నప్పుడు వణుకుతుంటే, చేతిరాత క్రమంగా చిన్నదవుతుంటే అది పార్కిన్సన్ వ్యాధి ఆరంభం కావచ్చు. రాత్రివేళ బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తిమ్మిరెక్కుతుంటే మణికట్టు వద్ద నరం నొక్కుకుపోతున్నదేమో చూపించుకోవాలి. తెలుపు రంగు పసుపుగా, నీలం మసకగా కనబడుతుంటే కంటి శుక్లాన్ని అనుమానించాలి. "వయసు మీద పడింది" అని సరిపెట్టుకోవద్దు.

జ్వాలల రంగులో దాగిన సీసం

ఇక అసలు సమస్యకు వస్తాను. హాట్ రాడ్ అందమంతా ఆ పసుపు, నారింజ, ఎరుపు జ్వాలలలోనే ఉన్నది. రంగుల పరిశ్రమలో చాలాకాలంగా ప్రకాశవంతమైన పసుపు, నారింజ వర్ణాల కోసం వాడిన ముఖ్య పదార్థాలలో లెడ్ క్రోమేట్ ఒకటి. అది సీసం, క్రోమియంల సమ్మేళనం. చవక, మెరుపు ఎక్కువ, ఎండకు త్వరగా వెలవదు. ఈ గుణాలన్నీ దాని వెనుకనున్న విషాన్ని మరపింపజేశాయి.

సీసానికి సురక్షితమైన స్థాయి అంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టం చేసింది. నోటి ద్వారా లోపలికి వెళ్ళిన సీసాన్ని చిన్నపిల్లల శరీరం పెద్దలకంటే నాలుగైదు రెట్లు అధికంగా గ్రహించగలదు. అది ఎదిగే మెదడును దెబ్బతీస్తుంది. తెలివితేటలు, ఏకాగ్రత, ప్రవర్తన, చదువు మీద దాని ప్రభావం పడుతుంది. రక్తహీనత కలిగిస్తుంది. పెద్దలలో రక్తపోటును పెంచుతుంది, మూత్రపిండాలకు హాని చేస్తుంది. ఎముకలలో చేరి ఏళ్ళ తరబడి నిలువ ఉంటుంది. జ్వరం రాదు, దద్దురు రాదు, బిడ్డ ఏడ్వదు. చాలా సందర్భాలలో రక్తపరీక్ష చేస్తే తప్ప తెలియదు. అందుకే దీనికి చికిత్సకంటే నివారణ ముఖ్యం.

పసిబిడ్డ బొమ్మను నోట పెట్టుకొంటేనే ప్రమాదమని భావించవద్దు. పాత లోహపు బొమ్మ బండి మీది రంగును పొడిగా ఉప్పు కాగితంతో గీకినప్పుడు రేగే ధూళి నేల మీద, చాప మీద, తాతగారి పంచె మీద పడుతుంది. పాకే బిడ్డ అరచేతులకు అది అంటుతుంది. ఆ అరచేయి తిన్నగా నోటికి వెళుతుంది.

చట్టం చేరని చోటు

మన దేశంలో గృహ, అలంకరణ రంగులలో సీసం 90 పి.పి.ఎం. మించరాదని 2016లో కేంద్ర ప్రభుత్వం నియమాలు ప్రకటించింది. 2017 నవంబరు 1 నుండి అవి అమలులోకి వచ్చాయి. డబ్బా మీద ఆ విషయం ముద్రించవలసి ఉంటుంది. పద్నాలుగేళ్ళలోపు పిల్లల ఆటబొమ్మలకు భారతీయ ప్రమాణాల ముద్ర తప్పనిసరి అనే ఉత్తర్వు 2021 జనవరి 1 నుండి అమలవుతున్నది. రెండూ హర్షించదగినవే.

కానీ తాతగారి బొమ్మ బండి ఈ రెండింటి నడుమనున్న సందులో పడుతుంది. 2016 నియమాలు గృహ, అలంకరణ రంగులకే పరిమితం. వాహనాలకూ యంత్రాలకూ వాడే పారిశ్రామిక రంగులు వాటి పరిధిలో లేవు. బండికి బండి రంగే వేయాలనుకొని వాహనాల పెయింటింగ్ షెడ్డు నుండి మిగిలిన రంగును చిన్న సీసాలో తెచ్చుకొనే పెద్దలున్నారు. ఇంట్లో తయారైన బొమ్మకు అంగడిలో అమ్మే బొమ్మకున్న తనిఖీ ఉండదు. పెద్దల అభిరుచి కోసం తయారయ్యే నమూనాలు పిల్లల బొమ్మల కింద లెక్కకు రావు. అంతిమంగా అది చేరేది మాత్రం మనుమడి చేతికే.

ఈ సందును మూయడం సాధ్యమే. ఫిలిప్పీన్స్ ప్రభుత్వం 2013లో ఇచ్చిన ఉత్తర్వులో 90 పి.పి.ఎం. పరిమితిని ఇంటి రంగులకే కాక పారిశ్రామిక రంగులకు కూడా వర్తింపజేసి, మారడానికి 2019 చివరి వరకు గడువిచ్చింది. మన దేశంలో కూడా ఈ పరిమితి అన్ని రంగులకూ వర్తించాలన్నది నా నిశ్చితాభిప్రాయం. సీసానికి అది గోడ మీద ఉన్నదా, ట్రాక్టరు మీద ఉన్నదా అన్న భేదం లేదు. వాహనాలకు రంగులు వేసి పొట్టపోసుకొనే కార్మికుని ఊపిరితిత్తులకు, సాయంత్రం అతని బట్టలనంటిన ధూళితో ఆడుకొనే అతని బిడ్డకు కూడా ఈ రక్షణ దక్కాలి.

మన తెలుగు నేలలోనే దీనికి ఆదర్శం ఉన్నది. నేటి అనకాపల్లి జిల్లాలోని ఏటికొప్పాకలో అంకుడు కర్రను చిత్రిక పట్టి, లక్కలో సహజ వర్ణాలు కలిపి బొమ్మలకు పూస్తారు. మొక్కల నుండి తీసిన ఆ రంగులను తిరిగి వాడుకలోకి తేవడానికి కృషి చేసిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ లభించింది. బిడ్డ నోట పెట్టుకొనే వస్తువుకు ఏ రంగు వేయాలో ఆలోచించే సంప్రదాయం మనకు కొత్తది కాదు.

పనిబల్ల వద్ద పాటించవలసినవి

*రంగు.* నీటితో పలుచన చేసుకొనే అక్రిలిక్ రంగులు వాడండి. వాసన తక్కువ, కుంచె నీళ్ళతోనే శుభ్రపడుతుంది. అయితే కాడ్మియం పేరున్న పసుపు, ఎరుపు రంగులు వద్దు. అలంకారానికి చేసే బండి వేరు, ఆడుకోవడానికి ఇచ్చే బండి వేరు. మొదటిది అద్దాల బీరువాలో ఉండాలి. పసిపిల్లలకు ప్రమాణాల ముద్ర ఉన్న బొమ్మనే ఇవ్వండి.

*ధూళి.* పొడిగా గీకవద్దు. నీటిలో తడిపి వాడే వాటర్ పేపర్ ఉపయోగించి, ఆపై తడిగుడ్డతో తుడవండి. చీపురుతో ఊడిస్తే ధూళి గాలిలోకి లేస్తుంది. పని ముగిశాక చేతులు సబ్బుతో కడుక్కొని, పైబట్ట మార్చుకొన్న తరువాతనే పిల్లలను ఎత్తుకోండి. పనిబల్ల వద్ద టీ, పలహారం వద్దు.

*థిన్నర్, స్ప్రే.* థిన్నర్‌లో టాలూయిన్, జైలీన్ వంటి ద్రావకాలుంటాయి. తలనొప్పి, తల తిరగడం, వికారం వాటి తొలి హెచ్చరికలు. వాటి ఆవిరి గాలికంటే బరువైనది కనుక నేల దగ్గర చేరుతుంది. పసిబిడ్డ ఉండేదీ అక్కడే. దూరాన ఉన్న దీపం, అగరువత్తి, గ్యాస్ పొయ్యి వల్ల కూడా అది అంటుకోగలదు. స్ప్రే పని ఆరుబయట, గాలి మీ వెనుక నుండి వీచేలా నిలబడి చేయండి. ఎన్‌-95 మాస్కు ధూళిని ఆపుతుందే గాని ద్రావకపు ఆవిరిని ఆపదు. హార్డెనర్ కలిపి వాడే పి.యు. పెయింట్లలోని ఐసోసయనేట్లు ఉబ్బసం కలిగించగలవు. ఇంట్లో వాటి జోలికి వెళ్ళవద్దు. పాత రంగును ఊడదీసే కొన్ని రిమూవర్లలో ఉండే డైక్లోరోమీథేన్ శరీరంలో కార్బన్ మోనాక్సైడుగా మారుతుంది. గుండెజబ్బు ఉన్నవారికి అది మరింత ప్రమాదకరం.

*నీళ్ళ సీసా.* థిన్నర్‌ను ఎన్నడూ నీళ్ళ సీసాలోనో, కూల్‌డ్రింక్ సీసాలోనో పోసి ఉంచవద్దు. ఎవరైనా పొరపాటున తాగితే ఉప్పునీళ్ళు పోసి వాంతి చేయించవద్దు. వాంతి ద్వారా అది ఊపిరితిత్తులలోకి పోతే ప్రాణాంతకం. సీసాతో సహా ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

*జిగురు.* మనం ఫెవిక్విక్ వంటి పేర్లతో కొనే తక్షణ జిగురు సయనోఅక్రిలేట్ జాతికి చెందినది. ఆ జాతి జిగుళ్ళనే వైద్యానికి అనువుగా మార్చి చర్మపు గాయాలను అతికించడానికి కూడా వాడుతున్నాము. కానీ అది నూలు బట్ట మీద ఒలికితే తీవ్రమైన వేడి పుట్టి చర్మం కాలగలదు. పంచె కట్టుకొని పనిచేసేవారు ఒడిలో ప్లాస్టిక్ ట్రే పెట్టుకోవాలి. వేళ్ళు అతుక్కుంటే బలవంతంగా లాగవద్దు, గోరువెచ్చని సబ్బునీళ్ళలో నానబెట్టి మెల్లగా విడదీయండి. కంటిలో పడితే నీటితో కడిగి వెంటనే కంటి వైద్యుని వద్దకు వెళ్ళండి; రెప్పలను లాగి విడదీసే ప్రయత్నం చేయవద్దు.

*బ్లేడు.* పదును ఎప్పుడూ మీకు వ్యతిరేక దిశలో కదలాలి. యాస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటి మందులు వాడేవారికి రక్తం ఆగడానికి ఎక్కువ సేపు పడుతుంది. శుభ్రమైన గుడ్డతో మధ్యలో తీసి చూడకుండా 10 నిమిషాలు గట్టిగా అదిమి పట్టండి. మధుమేహం వల్ల స్పర్శ తగ్గినవారు పని ముగిశాక చేతులు, పాదాలు ఒకసారి పరిశీలించుకోవాలి. ధనుర్వాతపు టీకా బూస్టరు పదేళ్ళకొకసారి అవసరం.

*బిళ్ళ బ్యాటరీ.* నమూనాకు హెడ్‌లైట్లు వెలిగించడానికి బిళ్ళ బ్యాటరీలు అమరుస్తారు. పిల్లవాడు దానిని మింగితే, అన్నవాహికలో ఇరుక్కున్న బ్యాటరీ రెండు గంటలలోనే లోపలి పొరను కాల్చివేయగలదు. వెంటనే 108కి ఫోను చేసి, ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి చేర్చండి. వాంతి చేయించవద్దు. ఏడాది నిండిన బిడ్డ అయి, మింగి 12 గంటలు దాటకుండా, మింగగలిగే స్థితిలో ఉంటే దారిలో 10 నిమిషాలకొకసారి రెండు చెంచాల తేనె ఇవ్వవచ్చు, ఆరుసార్లకు మించవద్దు. ఏడాదిలోపు బిడ్డకు తేనె ఇవ్వరాదు. తేనె కోసం వెతుకుతూ ప్రయాణాన్ని ఆలస్యం చేయవద్దు.

*కూర్చొనే తీరు.* అరగంటకొకసారి లేచి నాలుగడుగులు వేయండి. బల్ల మీద దీపకాంతి చాలినంత ఉండాలి. మర తొలిచేటప్పుడు రక్షణ కళ్ళద్దాలు తప్పనిసరి.

కుటుంబ సభ్యులకు ఒక మాట

ఈ జాగ్రత్తల జాబితా చూసి, ఇంత ప్రమాదమైతే అసలు మానేస్తేనే మంచిది కదా అనేవారు ఉంటారు. వంటింట్లో కత్తి, నిప్పు, సలసల కాగే నూనె అన్నీ ఉన్నాయి. అయినా వంట మానలేదు. మెలకువలు నేర్చుకొన్నాము. ఇదీ అంతే.

పెద్దలకు ఆరుబయట నీడపట్టున ఒక బల్ల, మంచి దీపం, తాళం వేసే చిన్న అల్మారా ఏర్పాటు చేయండి. ఖర్చు స్వల్పం. "ఈ వయసులో ఇదేమిటి?" అన్న మాట మాత్రం అనవద్దు. ఆ మాటతో మూలపడిన పనిముట్లను ఆ పెద్దలు మళ్ళీ చేతపట్టరు. పదేళ్ళు దాటిన మనుమలను పక్కన కూర్చోబెట్టుకోనివ్వండి. కొలతలు తీయడం, ఓపికతో ఎదురుచూడడం, తప్పు కోసినదాన్ని సరిచేసుకోవడం ఫోను తెర నేర్పలేదు.

పెద్దలకు కూడా నా విన్నపం ఒకటి. మీ చేతి పని మీద మీకున్న శ్రద్ధలో కొంత, మీరు ఎంచుకొనే రంగు డబ్బా మీద కూడా పెట్టండి. కొనేముందు లేబుల్ చదవండి. సీసం గురించి దుకాణదారుని అడగండి. పదిమంది అడిగితే పదకొండవవాడు అడగకముందే మంచి రంగు తెచ్చిపెట్టే అలవాటు వ్యాపారికి కలుగుతుంది. చట్టం వచ్చేలోగా మన చేతిలో ఉన్న చట్టం అదే.

సర్వే జనాః సుఖినో భవంతు.